కొండబండి ఏవ్రిల్

మా వెక్స్‌బీకి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు అడిగే ప్రశ్న ఒకటే. ఇక్కడ చూడ్డానికేముంది అని. ఖర్మ కొద్దీ దాన్ని అడగకూడని మనిషినే అడుగుతారు. వాళ్ళ తప్పు కాదది. రైలు స్టేషను కొండ మీద, సముద్రం కొండ కింద. నూట డెబ్బై రెండు మెట్లు దిగాలి, లేదంటే ఏటవాలు పట్టాల మీద పైకీ కిందికీ తిరిగే కొండబండి ఎక్కాలి. ఆ బండిలో బ్రేకు పట్టుకుని నిలబడేది ఏవ్రిల్ పడ్నీ. ఇరవయ్యారేళ్ళుగా ఆవిడే.

"ఎందుకు లేదూ," అంటుంది ఏవ్రిల్, బ్రేకు వదులుతూ. "సముద్రం ఉంది, అదిగో ఆ బురదరంగులో కదులుతున్నదే. దాని మీద సగం ఇనుప వంతెన ఉంది. మిగతా సగం తుఫాను పట్టుకుపోయింది, తిరిగి తెచ్చిస్తుందేమోనని చూస్తున్నాం. డాన్సు హాలుంది, ఇప్పుడు అందులో పావురాలు డాన్సు చేస్తున్నాయి. ఆకలేస్తే వేయించిన చేపా చిప్సూ కొనుక్కోండి. కొన్నాక గోడవైపు తిరిగి తినండి, లేకపోతే మీ బదులు సీగల్ పక్షులు తింటాయి. ఇంకేం కావాలి మీకు?"

కొందరు నవ్వుతారు. కొందరు నవ్వచ్చో లేదో తేల్చుకోలేక చేతిలో టికెట్టు వైపు చూసుకుంటారు. ఏవ్రిల్‌కి ఏదైనా ఒకటే. ఊళ్ళోని ప్రతి మూసేసిన కొట్టు గురించీ, ప్రతి కారే గొట్టం గురించీ ఆవిడ తిట్టినట్టు తిట్టగలవాళ్ళు పుట్టలేదు. కానీ ఆ హక్కు ఆవిడకీ మాకూ తప్ప ఇంకొకరికి లేదు. ఆమధ్య ఒక ఆదివారం పేపరువాడు వచ్చి, ఒక్క మధ్యాహ్నం తిరిగి, దేశంలోకెల్లా ఏడుపుగొట్టు తీరం మాదేనని రాసి పడేశాడు. పైగా ఏవ్రిల్ అన్న మాటలన్నీ ఎక్కించి, "అలసిపోయిన ఒక స్థానిక వృద్ధురాలు" అని కింద రాశాడు. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అలసిపోయానా నేను? మొహాన చెప్పమను. మెట్లెక్కిద్దాం ఇద్దరం, ఎవరు అలసిపోతారో చూద్దాం," అని నెల రోజులు అదే పాట. ఆ తరవాత చేతిలో నోటుబుక్కున్న మనిషి ఎవడొచ్చినా బండి ఎక్కనివ్వలేదు. అలా మెట్లవెంట దిగిపోయినవాళ్ళలో ఒక పెద్దాయన పాపం పిట్టల్ని చూసి రాసుకునేవాడు. ఆ సంగతి తెలిశాక కూడా ఆవిడ పశ్చాత్తాపపడింది లేదు. పిట్టలు కింద కూడా ఉంటాయి కదా అంది.

ఈ కోపం ఏవ్రిల్‌కి తల్లి నుంచి వచ్చింది. ఆ తల్లి, ఊరు కళకళలాడే రోజుల్లో, సముద్రం ఎదురుగా పదకొండు గదుల ఇంట్లో సెలవులవాళ్ళకి గదులు అద్దెకిచ్చేది. సెలవులకి వచ్చిన కుటుంబాల్ని పొద్దున పదింటికల్లా పిల్లాజెల్లాతో బయటికి గెంటి, సాయంత్రం అయిదింటి దాకా గుమ్మం తొక్కనిచ్చేది కాదు. వానయినా సరే, పిడుగయినా సరే. వాళ్ళు తడిసిన కోట్లతో సముద్రం ఒడ్డున గంటలకొద్దీ కూర్చుని, అయిదింటికి వచ్చి, "రోజు చాలా బాగా గడిచిందండీ," అనేవాళ్ళు. తువ్వాళ్ళలో ఇసుక దులపడం చిన్న ఏవ్రిల్ పని. దులుపుతూ ఆ మాటలు వినేది. వీళ్ళకి నోరు లేదా, మా అమ్మని ఒక్కరైనా తిట్టరేం అని అప్పుడే ఒళ్ళు మండేదట.

మొగుణ్ణి కూడా తిట్టే సంపాదించుకుంది. ట్రెవర్ పడ్నీ ఇనుప వంతెనకి రంగులు వేసేవాడు. నడుముకి తాడు కట్టుకుని వంతెన కిందికి వేలాడి, తుప్పు గీకి, రంగు పూయడం. ఇరవై రెండేళ్ళ ఏవ్రిల్ కొత్త కోటు వేసుకుని వంతెన కింద ఇసుకలో నడుస్తుంటే పైనుంచి ఆకుపచ్చ రంగు సరిగ్గా భుజం మీద పడింది. ఇరవై నిమిషాలు తిట్టింది. అతను తాడుకి వేలాడుతూ మొత్తం విన్నాడు. ఎక్కడికీ పోయే దారి లేదు మరి. అంతా అయ్యాక, "మీరు రేపు కూడా ఇటే వస్తారా?" అని అడిగాడు. మరుసటి ఏడాది పెళ్ళి.

ఆయన ఎంత మెత్తని మనిషో చెప్పలేను. ముప్పై ఏళ్ళు ఆ వంతెన తుప్పు పీల్చాడు. వంతెనలో సగాన్ని సముద్రం తినేసింది, మిగిలిన తుప్పు ఆయన ఊపిరితిత్తులు తిన్నాయి. ఇప్పుడు డెబ్బయ్యొక్కేళ్ళు. నాలుగు చక్రాల బ్యాటరీ బండి మీద కూర్చుని, వెనక ప్రాణవాయువు సిలిండరు పెట్టుకుని, ముక్కులో గొట్టంతో తిరుగుతాడు. ఎలా ఉన్నావు ట్రెవర్ అంటే, "పర్వాలేదు, లాగించేస్తున్నా," అంటాడు.

పొద్దున పదకొండు కొట్టేసరికి కొండ మీది స్టేషను దగ్గర తయారు. ఒళ్ళో గళ్ళ దుప్పటి, దాని మీద టీ ఫ్లాస్కు. పెళ్ళాం బండిలో కిందికి దిగి, ఒడ్డున రెండో నంబరు చావిట్లో గాలికి ఎదురుగా కూర్చుంటాడు. మూడింటి దాకా అక్కడే. చేసేదేమీ లేదు. సముద్రం చూస్తాడు. వానొస్తే వానలో సముద్రం చూస్తాడు. మూడింటికి మళ్ళీ ఆవిడ బండిలోనే పైకి. రోడ్డువెంట పోవాలంటే కొండ చుట్టూ రెండు మైళ్ళు, మధ్యలో ఆ నిట్టనిలువు మలుపులో బ్యాటరీ బండి గుర్రుమని ఆగిపోతుంది. ఒకప్పుడు బస్సుండేది. మూడేళ్ళ కింద దాన్ని ఎత్తేశారు. కొండబండి లేకపోతే ట్రెవర్‌కి సముద్రం లేదు. సముద్రానికి అర మైలు దూరంలో ఇల్లు, కిటికీలోంచి కనిపించేది పక్కింటివాళ్ళ చెత్తడబ్బా.

ఈ మార్చిలో కొండబండి తలుపు మీద ఒక కాగితం అంటించారు. జిల్లా కౌన్సిలు కాగితం. కౌన్సిలు ఉండేది ఇరవై మైళ్ళ అవతల, సముద్రం కంటికి కనపడని ఊళ్ళో. బండి నడపడం భారంగా ఉందట, సెప్టెంబరు ఆఖరుతో ఆపేద్దామనుకుంటున్నారట. బండి లేకపోతే తీరని ఇబ్బంది కలుగుతుందని ఊరివాళ్ళు తెలిపితే మాత్రం మళ్ళీ ఆలోచిస్తారట. అభిప్రాయాలు ఏప్రిల్ నెలాఖరు దాకా తీసుకుంటారు.

ఇక చూడండి మా ఊరివాళ్ళ నోళ్ళు. కొండ మీద ఉండేవాళ్ళంతా మోకాళ్ళు అరిగినవాళ్ళే. బండిలో కాలు పెట్టడం ఆలస్యం, మొదలు.

"సిగ్గులేని పని కాదూ ఇది?" అంది మేవిస్. ఎనభై ఏళ్ళావిడ, చర్చికి పూలు సర్దుతుంది. "నన్ను ఆ మెట్లు దిగమంటారా? నా తుంటి ఇనుముది."

"తుంటి సంగతి నాకెందుకు చెప్తావు? కాగితం మీద రాయి," అంది ఏవ్రిల్.

"రాస్తా. రాయకుండా ఊరుకుంటానా?"

"అందరూ ఇదే మాట. ఎవరైనా రాశారా?"

"రాస్తానంటున్నాగా తల్లీ. వాళ్ళ తాట తీస్తా," అంది మేవిస్, చేతిసంచీ గుండెలకి అదుముకుని.

నెల రోజులు ఆ బండి అంతా ఇదే. రిటైరైన పోస్టుమాను స్టాన్ అయితే కౌన్సిలు వాళ్ళని వంతెన చివరికి తీసుకెళ్ళి, వంతెన ఎక్కడ ఆగిపోతుందో చెప్పకుండా నడిపించాలన్నాడు. కొండకి బండ్లు రెండు, ఒకే తాడుకి కట్టినవి, ఒకటి ఎక్కితే ఒకటి దిగుతుంది. ఏవ్రిల్ రెండో బండి డ్రైవరు కోలిన్‌తో, "ఈసారి వీళ్ళు నోరు విప్పేట్టే ఉన్నారు," అంది. కోలిన్ ఇరవై ఏళ్ళుగా ఎదురు బండిలో ఎక్కుతూ దిగుతూ, దారి మధ్యలో ఆవిడకి చెయ్యి ఊపుతూ బతుకుతున్న మనిషి. ఆయన చెయ్యి ఊపి తన బండెక్కాడు.

కానీ మా ఊరి జబ్బొకటుంది. మా దేశం జబ్బే అనుకోండి, మా ఊళ్ళో మరీ ముదిరింది. మాలో మేం గొణుక్కోవడంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరు. టీ చల్లారిందని, రైలు ఆలస్యమని, పక్కవాడి కుక్క మొరుగుతుందని పొద్దస్తమానం గొణుగుతాం. అదే ఎవరైనా ఎదురుగా నిలబడి, మర్యాదగా, మీకేమైనా ఇబ్బందా అని అడిగారో, నోరు పడిపోతుంది. అబ్బే, అంతా బాగుందండీ అంటాం. మేవిస్ మెట్ల మీద పడి తుంటి విరిగినప్పుడు, స్ట్రెచరు తెచ్చిన కుర్రాళ్ళతో, "నాకేం తొందర లేదు నాయనా, ఇంకెవరికైనా కావాలేమో చూసుకురండి," అంది. వాన పడుతుంటే మెట్ల మీద పడుకునే అంది.

ఏప్రిల్ మూడోవారంలో కౌన్సిలు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు ఫ్రేయా. ఊరివాళ్ళని నేరుగా అడిగి రాసుకురమ్మని పంపారు. ఏవ్రిల్‌కి ముందే కబురు తెలుసు. మూడు రోజుల నుంచి అంట్లు తోముతూ, దుప్పట్లు మడతపెడుతూ, ఆ పిల్లకి ఏం చెప్పాలో పైకే చదువుకుంటోంది. "నా మొగుడు చస్తాడు, రాసుకో. అలాగే రాసుకో, మాట మార్చకు," అని సాధన. సబ్బు నురగ గోడల దాకా ఎగిరింది.

ఆ పిల్ల సరిగ్గా పదకొండింటికి బండి ఎక్కింది. అడ్డంగా కొట్టే వాన. పల్చని కోటు, తడిసిన బూట్లు, చేతివేళ్ళు నీలంగా ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుంటాయేమో. పొద్దుటి నుంచి ఇంటింటికీ తిరుగుతోందట, ఎవరూ లోపలికి రమ్మనలేదట. ఆ మాట కూడా ఫిర్యాదులా కాకుండా క్షమాపణలా చెప్పింది.

బండిలో ట్రెవర్ ఒక్కడే ఉన్నాడు. ముక్కులో గొట్టం, ఒళ్ళో దుప్పటి.

"సర్, ఒక్క నిమిషం ఇబ్బంది పెట్టచ్చా?" అంది ఫ్రేయా. "ఈ బండి ఆపేస్తే మీకు చాలా కష్టమవుతుందా?"

ట్రెవర్ ఆ పిల్ల వేళ్ళ వైపు చూశాడు. "అబ్బే, మేం సర్దుకుంటాంలే తల్లీ," అన్నాడు. "మాకన్నా కష్టాల్లో ఉన్నవాళ్ళు బోలెడుమంది. నువ్వు ముందు ఆ కోటు మార్చుకో, జలుబు చేస్తుంది."

ఆ పిల్ల ఏవ్రిల్ వైపు తిరిగింది. "మీరేమంటారండీ?"

ఏవ్రిల్ నోరు తెరిచింది. మూడు రోజులు నూరిన మాటలన్నీ నాలిక మీదే ఉన్నాయి. ఎదురుగా ముక్కు కారుతున్న పిల్ల, ఎవరో పంపితే వచ్చిన పిల్ల, వణుకుతూ పెన్ను పట్టుకుంది. దీన్ని తిట్టడం ఎలా?

"మా గురించి బెంగపెట్టుకోకమ్మా," అంది ఏవ్రిల్. "ఆ డబ్బాలో బిస్కెట్లున్నాయి. రెండు తీసుకో."

ఫ్రేయా రెండు బిస్కెట్లు తీసుకుంది. థాంక్స్ చెప్పింది. ఏదో రాసుకుంది. బండి కింద ఆగగానే వానలోకి దిగి వెళ్ళిపోయింది.

ఏవ్రిల్ బ్రేకు మీద చెయ్యి అలాగే పెట్టుకుని నిలబడింది. ఎవరో తన నోట్లోంచి మాట్లాడి పోయినట్టు అనిపించింది. వెనక్కి పిలుద్దామనుకుంది. పిలిస్తే ఆ పిల్ల మళ్ళీ తడుస్తుంది కదా అనిపించింది. పిలవలేదు.

మే నెలలో కౌన్సిలు సభ పెట్టింది. సముద్రం ఒడ్డున మెథడిస్టు చర్చి హాల్లో, మధ్యాహ్నం రెండింటికి. ముందు వరసలో ట్రెవర్ బ్యాటరీ బండి, పక్కన కొండబండిని కాసేపు ఆపి వచ్చిన ఏవ్రిల్. వెనక డెబ్బై, ఎనభై మంది. బల్ల వెనక కౌన్సిలర్ రూపర్ట్ ఆష్‌డౌన్ అనే ఆయన, ఆయన పక్కన రాసుకోడానికి ఫ్రేయా. మనిషి చెడ్డవాడేం కాదు. అదే వచ్చిన చిక్కు. ఆయన కూడా మర్యాదస్తుడే.

"రెండువందల పద్నాలుగు మంది అభిప్రాయాలు అందాయి," అన్నాడు కళ్ళజోడు సర్దుకుని. "మీ అందరి సహకారానికి ధన్యవాదాలు. వీటిలో నూట తొంభై ఒక్కరు, బండి ఆగిపోతే సర్దుకుంటామని తెలిపారు. మిగతావాళ్ళలో ఎక్కువమంది ఆ గడి ఖాళీగా వదిలేసి, కింద, డ్రైవర్లు మంచివాళ్ళని రాశారు. తీరని ఇబ్బంది అని ఒక్కరూ రాయలేదు. కనక, విచారంతోనే, ఆపేయాలని ప్రతిపాదిస్తున్నాం. ఎవరికైనా ప్రశ్నలున్నాయా?"

ఎవరో దగ్గారు. మేవిస్ తన బూట్ల వైపు చూసుకుంది. స్టాన్ పైకప్పు వైపు చూశాడు.

"లేవా? అయితే టీ తాగుదాం," అన్నాడు కౌన్సిలరు.

అంతే, కుర్చీలు చప్పుడయ్యాయి. డెబ్బై, ఎనభై మంది లేచి, ఒకరినొకరు ముందుకు పొమ్మని మర్యాద చేసుకుంటూ, వంటగది కిటికీ ముందు క్యూ కట్టారు. కిటికీలో పెద్ద కరెంటు టీ కాగు పొగలు కక్కుతోంది. క్యూ కట్టగానే నోళ్ళు తిరిగొచ్చాయి.

"విచారంతోనేట, వీడి మొహం," అని మేవిస్ వెనకావిడతో గుసగుస. "నా తుంటి వీడికి పెడితే తెలుస్తుంది."

"ఎక్కడైనా ఉందా ఇంత అన్యాయం?" అన్నాడు స్టాన్, ఇంకా మెల్లగా.

ఏవ్రిల్ ఆ గుసగుసలు విన్నది. ఆవిడ కోపం నాకు ఇన్నేళ్ళుగా తెలుసు, అంతకు ముందు చూసిందంతా వట్టి నోటిదూలేనని ఆరోజు అర్థమైంది. ఆవిడ లేచి, క్యూ పక్కనుంచి, తల తిప్పకుండా, నేరుగా ముందుకి నడిచింది. మా ఊళ్ళో ఇల్లు తగలబెట్టినవాణ్ణి క్షమిస్తారేమో గాని క్యూ దాటినవాళ్ళని క్షమించరు. ఏవ్రిల్ కాగు వెనక్కి చెయ్యి పెట్టి స్విచ్చి ఆపేసింది. ప్లగ్గు కూడా పీకి, చేత్తో పట్టుకుంది.

"టీ లేదు," అంది.

"ఏవ్రిల్, తల్లీ, అందరం వరసలో ఉన్నాం," అన్నాడు స్టాన్.

"ఉండండి. చచ్చేదాకా ఉండండి. టీ లేదు." ఆవిడ గొంతు పెద్దదేం కాలేదు. "స్టాన్, నువ్వు నా బండిలో ఏమన్నావు? వీళ్ళని వంతెన చివరిదాకా నడిపిస్తానన్నావు. కాగితం మీద ఏం రాశావు?"

"డ్రైవర్లు మంచివాళ్ళని."

"నువ్వు, మేవిస్? తాట తీస్తానన్నదానివి."

"రాయాలనే అనుకున్నా," అని నీళ్ళు నమిలింది మేవిస్. "తీరని ఇబ్బంది అని టిక్కు పెట్టమన్నారు. తీరనిదంటే, మరీ, నాకన్నా ఎక్కువ అవస్థలో ఉన్నవాళ్ళు ఉంటారు కదా అని. మీ ట్రెవరే ఉన్నాడు."

"ట్రెవర్ కూడా అదే అన్నాడు. ఆయనకన్నా కష్టంలో ఉన్నవాళ్ళు ఉన్నారట. ఎవరు వాళ్ళు? పిలవండి, చూస్తాను. ఈ ఊళ్ళో ప్రతివాడూ పక్కవాడి కోసం మర్యాదగా తప్పుకుంటే, చివరికి నిలబడేదెవరు?" ప్లగ్గు చేతిలో ఊగుతోంది. "అంతెందుకు, నా సంగతి చెప్తా వినండి. ఊళ్ళోకెల్లా నోరున్నది నాకే కదా? ఇదిగో ఈ పిల్ల ఎదురుగా నిలబడి అడిగింది. నేనేమిచ్చానో తెలుసా? బిస్కెట్లిచ్చాను. నా మొగుడి ప్రాణం మీదికొస్తే నేను బిస్కెట్లిచ్చాను. మీ అందరి మీద కన్నా నా మీద నాకు అసహ్యంగా ఉంది."

ఫ్రేయా మొహం కందిపోయింది. కౌన్సిలరు గొంతు సవరించుకున్నాడు. "మీ బాధ అర్థమైందండీ. కానీ అభిప్రాయాల గడువు ఏప్రిల్ ముప్పైతో..."

"ఇవాళ మీరు ప్రశ్నలున్నాయా అని అడిగారు," అంది ఫ్రేయా, బల్ల మీది కాగితాల్ని చూస్తూ. "సభలో చెప్పినవి రాయాల్సిందే సర్. నా దగ్గర ఖాళీ ఫారాలున్నాయి."

ఆ మాటతో ఏం జరిగిందో చెప్తే వేరే ఊరివాళ్ళు నమ్మరు. డెబ్బై, ఎనభై మంది ఉన్న ఆ క్యూ, ఒక్కరూ స్థానం మార్చుకోకుండా, టీ కిటికీ వైపు నుంచి బల్ల వైపుకి తిరిగింది. అరవమంటే అరవలేరు, బల్ల గుద్దమంటే గుద్దలేరు. వరసలో నిలబడి మన వంతు వచ్చినప్పుడు మాట్లాడమంటే మాత్రం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటున్న పని. మేవిస్ ముందు వెళ్ళింది. తుంటి గురించి చెప్పింది. మెట్ల మీద పడ్డ రోజు నొప్పికి కళ్ళు చీకట్లు కమ్మాయని, అయినా నవ్వానని, ఇంకోసారి నవ్వలేనని చెప్పింది. స్టాన్ తనకి గుండె నొప్పి ఉందని, కూతురికి కూడా చెప్పలేదని చెప్పాడు. కౌన్సిలరు గడియారం చూసుకున్నాడు. అంత వరసని కాదని లేచిపోవడం ఆయన వల్ల కూడా కాలేదు. ఆయనా ఈ దేశంవాడే.

ఏవ్రిల్ ట్రెవర్ పక్కకి వెళ్ళి నిలబడబోతే వరసలో ఒకావిడ మృదువుగా భుజం తట్టింది. "వరస చివర అటుందమ్మా."

"మొగుడితో ఉన్నా."

"ఆయన వరసలోనే ఉన్నాడు. నువ్వు లేవు."

ఏవ్రిల్ పళ్ళు కొరుక్కుంటూ చివరికి పోయింది. ట్రెవర్‌ని అందరూ ముందుకి పొమ్మన్నారు. ఆయన ఒప్పుకోలేదు. అంగుళం అంగుళం జరుగుతూ గంటన్నరకి బల్ల దగ్గరికి వచ్చాడు. వరస చివర ఏవ్రిల్, ఆయన వెనక నలుగురి అవతల ఉంది.

"నమస్తే తల్లీ," అన్నాడు ట్రెవర్ ఫ్రేయాతో. "నేను ఆరోజు నీకు అబద్ధం చెప్పాను. నీకు ఇబ్బంది లేకపోతే అది కొట్టేసి, ఇంకోటి రాసుకో."

"చెప్పండి సర్."

ఆయన గొట్టంలోంచి రెండుసార్లు గాలి పీల్చాడు. "ఇంట్లో ఉంటే నాకు భయమేస్తుంది. తెల్లవార్లూ ఇంకో ఊపిరి వస్తుందా రాదా అని చూసుకుంటూ ఉంటా. నాలుగు గోడలు చూస్తుంటే ఆ గదిలో గాలి అయిపోతున్నట్టుంటుంది. సముద్రం ఎదురుగా కూర్చుంటే అంత గాలి నా మీదికే వస్తూ ఉంటుంది కదా. అది అయిపోదని నమ్మకం. ఆ నాలుగ్గంటలే నేను భయపడకుండా ఉండేది. అది తీసేస్తే నేను ఎక్కువ రోజులు ఉండను. ఉండాలని కూడా ఉండదు." ఒళ్ళో దుప్పటి సర్దుకున్నాడు. "ఇంతే. థాంక్స్. వెనకవాళ్ళు ఎదురుచూస్తున్నారు."

ఏవ్రిల్ అంతా విన్నది. తన వంతు వచ్చినప్పుడు బల్ల ముందు నిలబడి ఒక్క మాటే అంది. "ఆయన చెప్పిందే నాదీ."

తీర్మానం సంగతి ఇక్కడే చెప్పేస్తా. జూన్ చివర్లో ఉత్తరం వచ్చింది. బండి ఇంకో మూడేళ్ళు నడుస్తుంది, ఆ తరవాత మళ్ళీ చూస్తారట. మళ్ళీ చూసేటప్పటికి ఏవ్రిల్ ప్లగ్గు పీకక్కర్లేకుండా మేం మాట్లాడతామో లేదో నాకు నమ్మకం లేదు.

కానీ ఆ సాయంత్రం ఉత్తరం మాట ఎవరికీ తెలియదు. అయిదు దాటింది. ఎండ కాస్త మొహం చూపించింది. ఏవ్రిల్ ట్రెవర్‌ని బండిలోకి ఎక్కించి, తలుపు వేసి, బ్రేకు వదిలింది. మిగతావాళ్ళందరినీ ముందే పైకి చేర్చేసింది, ఇంకెవరూ లేరు. పైనుంచి కోలిన్ బండి దిగుతోంది, అందులో ఐస్‌క్రీములు పట్టుకున్న కొత్త జంట ఒకటి.

"నాకెందుకు చెప్పలేదు?" అంది ఏవ్రిల్, మొగుడి వైపు చూడకుండా.

"ఏంటది?"

"భయం. రోజూ పొద్దున అడుగుతాను కదా, ఎలా పడుకున్నావని."

"అడుగుతావు," అన్నాడు ట్రెవర్. "కోటు తొడుక్కుంటూ అడుగుతావు. పనికి ఆలస్యమవుతుంది కదా నీకు. బాగానే పడుకున్నా అంటాను."

కొండ సగం ఎక్కారు. రెండు బండ్లూ పక్కపక్కకి వచ్చాయి. కోలిన్ అలవాటుగా చెయ్యి ఊపబోయాడు. ఏవ్రిల్ బ్రేకు పూర్తిగా లాగింది. ఒకే తాడుకి కట్టిన బండ్లు, రెండూ ఒక్కసారి కీచుమని ఆగాయి.

"ఏమైందండీ? చెడిపోయిందా?" అని కోలిన్ బండిలోని కొత్తావిడ కంగారు పడింది.

కోలిన్ పక్క బండిలోకి ఒక్క క్షణం చూశాడు. ఇరవయ్యారేళ్ళలో ఆ బండిలో ఒక్కసారి కూడా కూర్చుని ఎరగని ఏవ్రిల్, చెక్క బల్ల మీద ట్రెవర్‌కి ఎదురుగా, మోకాళ్ళు ఆయన బండి చక్రానికి తగిలేలా కూర్చుని ఉంది.

"లేదండీ," అన్నాడు కోలిన్. "వాళ్ళు మాట్లాడుకుంటున్నారు." తన వైపు కిటికీ అద్దం పైకి లాగేసి, వచ్చినవాళ్ళకి వీపు చూపించి, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

"మొదటి నుంచి చెప్పు," అంది ఏవ్రిల్.

"మొదలంటే ఎక్కణ్ణుంచి?"

"మొదటిసారి భయమేసిన రోజు నుంచి."

ట్రెవర్ అద్దంలోంచి అవతలి బండి వైపు చూశాడు. "పాపం, వాళ్ళు ఆగిపోయారే. ఐస్‌క్రీము కారిపోతోంది."

"కారనీ," అంది ఏవ్రిల్. "చెప్పు."

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.